సున్నా తూగిన వాక్యం

నౌకాపురంలో వానలు ఇంకా మొదలుకాలేదు. వేసవి చివర ఒక మధ్యాహ్నం, ప్రయోగశాలలో తన బల్ల ముందు కూర్చుని హైమావతి ఒక పాఠంలోంచి ఒక వాక్యాన్ని తీసేసింది. అలాంటివి అంతకుముందు ఎన్నో తీసేసింది. అదే ఆమె ఉద్యోగం.

ఆ రోజులకి ప్రోగ్రాములు రాసే పని మనుషుల చేతుల్లోంచి దాదాపు జారిపోయింది. లేఖరి రాసేది. లేఖరికి ఒళ్ళూ ఊపిరీ లేవు. పని చెబితే చాలు, దానికి కావలసిన కోడంతా తానే రాసి, తానే సరిచూసుకుని, తానే నడిపించే యంత్రబుద్ధి అది. ఎంత తెలివైనదైనా దానికి ఊరు తెలియదు. ఏ గెడ్డ ఎప్పుడు పొంగుతుందో, ఏ పంపు ఎందుకు మొరాయిస్తుందో తెలియదు. అందుకని ఒక్కొక్క పనికి అనుభవజ్ఞుల చేత ఒక్కొక్క నేర్పుపాఠం రాయించి పెట్టేవారు. పనిలోకి దిగే ముందు లేఖరి ఆ పాఠం చదువుకునేది. పాఠం మంచిదైతే పని మంచిదయ్యేది. ఆ మంచీచెడ్డా తేల్చే చోట హైమ పరీక్షకురాలు.

ఆ మధ్యాహ్నం ఆమె ముందున్నది వాననీటి పంపుల పాఠం. నగరం మధ్యలోంచి రైలుకట్ట పోతుంది. కట్ట కింద అండర్‌బ్రిడ్జి. పక్కనే చింతలగెడ్డ అనే వాగు. వాన పడితే అండర్‌బ్రిడ్జిలోకి నీరు దిగుతుంది. ఆ నీటిని పంపులు తోడెయ్యాలి, తోడలేనంత వస్తే దారికి అడ్డంగా గేటు దించాలి. ఇదంతా చూసుకునే ప్రోగ్రామును లేఖరి కొత్తగా రాయబోతోంది. హైమ పాఠాన్ని తూకంలో వేసింది.

తూకం ఒక పరీక్షా యంత్రం, ప్రయోగశాల అధిపతి డాక్టర్ కామేశ్వరి కనిపెట్టింది. హైమ మీట నొక్కగానే తూకం పాఠంలోంచి మొదటి వాక్యాన్ని పక్కకు తీసి, మిగిలినదాన్ని లేఖరికిచ్చింది. లేఖరి ప్రోగ్రాం రాసింది. తూకం లోపల ఒక ఊహానగరం ఉంది. దాని మీద జల్లులూ కుండపోతలూ తుపానులూ కురిశాయి. ప్రతి వానలోనూ ఆ ప్రోగ్రాం ఎలా నెగ్గుకొచ్చిందో లెక్కకట్టి, వాక్యాన్ని మళ్ళీ పాఠంలో పెట్టి అంతా మొదటినుంచి చేయించింది. వాక్యం ఉన్నందువల్ల ఎంత మేలు జరిగిందో అదే దాని బరువు, మేలేమీ లేకపోతే సున్నా. తర్వాత రెండో వాక్యం, మూడోది, అలా చివరిదాకా. భోంచేసి వచ్చేసరికి ప్రతి వాక్యం పక్కనా దాని బరువు పడి ఉంది. ఒకదాని పక్కన మాత్రం సున్నా ఉంది.

"నీటిమట్టం చాలాసేపు ఒకే అంకె మీద నిలిచిపోతే ఆ అంకెను నమ్మకుండా, నీరు నిజంగా నిలిచిందో లేదో మరో దారిలో తేల్చుకో."

పాఠం రాసిన జోగారావు మాస్టారు పక్క గదిలోనే పనిచేస్తారు. ప్రోగ్రాములు మనుషులు రాసే కాలంలో మిల్లులకీ నీటి పంపులకీ రాసి రాసి తల నెరిసిన మనిషి. హైమకు పని నేర్పింది ఆయనే. ఆమె వెళ్ళి పిలుచుకొచ్చింది.

"ఇది ఎందుకు రాశారు మాస్టారూ?"

ఆయన వంగి చూశారు. చాలాసేపు చూశారు. "ఎక్కడో చెయ్యి కాలుంటాదమ్మా. ఎక్కడ కాలిందో గుర్తు రావట్లేదు."

"తూకంలో సున్నా వచ్చింది. పైగా ఇది ఉంటే లేఖరి ఊరికే అనుమానపడుతోంది. నీరు కాస్త నిలకడగా ఉంటే చాలు, సరిచూసుకోవడం మొదలెడుతోంది. దాంతో పంపులు ఆలస్యంగా అందుకుంటున్నాయి. తీసేస్తే మొత్తం పాఠం మార్కులు పెరుగుతున్నాయి."

"అలాగా."

"మీరు ఉంచమంటే ఉంచుతాను."

"ఎందుకుంచమంటాను? కారణం అడిగితే చెప్పలేకపోతున్నాను. నా పాత అలవాటు కోసం ఊరి పంపులు ఆలస్యమవ్వాలేటి? తీసీ."

హైమ తీసేసింది. పాఠం పొట్టిదయింది, పదునెక్కింది. ఆ ఏడాది ఆ ప్రయోగశాల తూచిన పాఠాలన్నిటిలోకీ దానికే ఎక్కువ మార్కులు వచ్చాయి. సమావేశంలో కామేశ్వరి హైమ పేరెత్తి మెచ్చుకుంది. వానలు పడేలోగా కొత్త ప్రోగ్రాం పంప్‌హౌసులోకి ఎక్కింది.

హైమ ఉండేది అన్నావదినల దగ్గర. పెళ్ళి పెటాకులయ్యాక వేరే ఇల్లు చూసుకుంటానంటే అన్న ఒప్పుకోలేదు. అతని పేరు ఢిల్లేశ్వరరావు. డాబా కింద భాగంలో బేకరీ, పైన ఇల్లు. తెల్లవారకముందే పొయ్యి వెలిగిస్తే ఇల్లంతా రొట్టె వాసన. హైమ బట్టలకి కూడా ఆ వాసన పట్టి ఆఫీసుకి వెళ్ళేది.

మార్కుల సంగతి ఆమె ఇంట్లో చెప్పింది. అన్న అన్నం కలుపుతూ విన్నాడు.

"అంటే ఏటే, ఎవరో రాసిన మాటల్లో పనికిరానివి ఏరి పారేస్తావు. దానికి జీతమిస్తారు."

"పనికొచ్చేవేవో తేలుస్తానన్నయ్యా."

"రెండూ ఒకటే కదే. చేపలో ముళ్ళు తీసినట్టు."

"మీరు ముళ్ళు తీయకుండానే తినీగలరు, మీకేం తెలుస్తుంది దాని పని" అంది రోహిణి వదిన. అన్న నవ్వాడు. అతను నవ్వితే భుజాలు కదిలేవి గానీ శబ్దం వచ్చేది కాదు. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ లోటు గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. హైమకి జ్వరమొస్తే మాత్రం ఇద్దరూ చెరోవైపునా కూర్చునేవారు.

వానలు బాగానే మొదలయ్యాయి. మొదటి వానకే ఊళ్ళో అందరూ గమనించారు, అండర్‌బ్రిడ్జిలో నీరు నిలవడం లేదు. ఇదివరకు ఒక జల్లు పడితే గంటల తరబడి ఆగిపోయే దారి ఇప్పుడు చినుకు ఆగేలోపు ఆరిపోతోంది. బేకరీకొచ్చిన వాళ్ళు కూడా ఆ మాట అనేవారు. అన్న హైమ వైపు చూపించి, "మా చెల్లెలి పనే అది" అని చెప్పేవాడు. ఆమె సిగ్గుపడి పైకి వెళ్ళిపోయేది.

ఆశ్వయుజంలో వాయుగుండం పట్టింది.

ఆ రోజు పొద్దుటినుంచీ ఆకాశం మూసుకుపోయి ఉంది. మధ్యాహ్నానికి వాన ఎత్తుకుంది. కట్టకి అవతల ఉన్న ఆసుపత్రి క్యాంటీనుకి రోజూ సాయంత్రం రొట్టెలూ బన్నులూ అన్నే తన చిన్న వ్యానులో తీసుకెళతాడు. వాన తగ్గాక వెళ్ళమని వదిన అంది. రోగులకి రాత్రి పెట్టాల్సింది అవే కదా అని అతను టార్పాలిన్ కప్పి బయల్దేరాడు.

చింతలగెడ్డ కట్టలు దాటింది. ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన పెద్ద పాలిథిన్ పట్టా ఒకటి, బురదతో బరువెక్కి, అండర్‌బ్రిడ్జిలో నీటిమట్టం కొలిచే సెన్సరుకి చుట్టుకుంది. అప్పటికి నీరు చీలమండ లోతు. సెన్సరు ఆ అంకె దగ్గరే ఆగిపోయింది. పైన నీరు పెరుగుతూనే ఉంది, కింద అంకె కదలలేదు. లేఖరి రాసిన ప్రోగ్రాం ఆ అంకెను నమ్మింది. చీలమండ లోతుకి ఎంత వేగం కావాలో పంపులను అంత వేగంతోనే తిప్పింది. గేటు దించలేదు. గేటు ఎత్తి ఉందంటే దారి మంచిదేనన్న నమ్మకం ఊరికి ఆ కొన్ని నెలల్లో కుదిరింది. వంపు దిగేదాకా లోపలి నీళ్ళు కనబడవు.

అన్న వ్యాను కంటే ముందు ఒక ఆటో దిగి ఉంది. అందులో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. గెడ్డ నీరు ఒక్కసారిగా విరుచుకుపడింది. ఆటో డ్రైవరు ఈది బయటపడ్డాడు. మిగతా ముగ్గురూ బయటపడలేదు. వ్యాను తలుపు లోపలినుంచి తెరుచుకోలేదని తర్వాత చెప్పారు.

హైమకి ఫోన్ ఆఫీసులో ఉండగా వచ్చింది. ఆమె వెళ్ళేసరికి వ్యానును తాళ్ళతో పైకి లాగుతున్నారు. అట్టపెట్టెలు కరిగిపోయి, రొట్టెలు నీళ్ళ మీద తెల్లగా ఉబ్బి తేలుతున్నాయి. రోహిణి ఒక పోలీసు చెయ్యి పట్టుకుని, "ఆయనకి ఈత వచ్చండీ, ఈత వచ్చు" అని అదే మాట మళ్ళీ మళ్ళీ చెబుతోంది.

కర్మకాండలన్నీ అయ్యాక హైమ ఆఫీసుకి వెళ్ళింది. ఇంట్లో కూర్చోలేక వెళ్ళింది తప్ప వేరే ఉద్దేశమేమీ లేదు. విచారణ కోసం పంప్‌హౌసు రికార్డు నకలు అక్కడికి వచ్చి ఉంది. స్క్రీను మీద దాన్ని తెరిచింది. ఆ మధ్యాహ్నం నీటిమట్టం అంకెలు నిలువునా వరసగా ఉన్నాయి. అన్నీ ఒకటే అంకె. ఎంత కిందికి జరిపినా అదే అంకె. ఆమె వేలు మీట మీదే ఉండిపోయింది. కొట్టేసిన ఆ వాక్యం అక్షరం పొల్లుపోకుండా గుర్తుకొచ్చింది.

ఎవరితోనూ మాట్లాడకుండా లేచి జోగారావు మాస్టారింటికి వెళ్ళింది. ఆయన ప్రమాదం జరిగిన దగ్గర్నుంచీ సెలవులో ఉన్నారు. వరండాలో పడక్కుర్చీలో కూర్చుని ఉన్నారు. గడ్డం మాసి ఉంది. ఆమెను చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నారు.

"చూసీసావా?" అన్నారు.

"చూశాను."

"తీసీమన్నది నేనే."

"నేను సున్నా అని చెప్పాక అన్నారు."

లోపలినుంచి ఆయన భార్య రెండు గ్లాసులతో కాఫీ తెచ్చి పెట్టి వెళ్ళిపోయింది.

"ఇప్పుడు గుర్తొచ్చిందమ్మా, ఎక్కడ కాలిందో" అన్నారు ఆయన. "ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజులు. గోనెసంచుల మిల్లు. ఆ మిల్లు నీళ్ళ ట్యాంకుకి ప్రోగ్రాం రాశాను. లోపల తేలే బంతికి జనపనార పోగు చుట్టుకుని బంతి ఇరుక్కుపోయింది. ట్యాంకు నిండలేదనుకుని నా ప్రోగ్రాం మోటారు ఆపలేదు. గోదాములో సంచులన్నీ తడిసి ముద్దయిపోయాయి. మేస్త్రీలు, గుమాస్తాలు, అందరం మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నవ్వుకున్నాం. ఎవరూ చావలేదు. చావలేదు కాబట్టి మర్చిపోయాను. ఆ మాట మటుకు చేతిలో ఉండిపోయింది, ప్రతి పాఠంలోనూ రాసుకుంటూ వచ్చాను."

హైమ కాఫీ తాగకుండానే లేచింది. గుమ్మం దాకా వచ్చి ఆయన, "మీ వదినకి చెప్పావా?" అని అడిగారు. ఆమె లేదన్నట్టు తలూపింది.

విచారణలో ఎవరి తప్పూ తేలలేదు. పాఠాన్ని తూకం వేశారు, మార్కులు చూశారు, పద్ధతి ప్రకారమే పెట్టారు. సెన్సరుకి పట్టా చుట్టుకోవడం దైవాధీనమని రాశారు. ఆ మాట చదివినప్పుడు హైమకి తనను శిక్షించినా బాగుండేదనిపించింది.

ఆ తర్వాత ఆమె చేతికి వాక్యం తీయడం రాకుండా పోయింది. ఏ పాఠం వచ్చినా, ఏ వాక్యం పక్కన సున్నా పడినా అలాగే ఉంచేసేది. ఇది ఎక్కడ కాలితే రాశారో, ఎవరు చావకపోతే మర్చిపోయారో అనుకునేది. పాఠాలు ఉబ్బిపోయాయి. వాటిని చదివి లేఖరి రాసే ప్రోగ్రాములు ప్రతిదానికీ తటపటాయించడం మొదలుపెట్టాయి. ఒక ఆసుపత్రికి మందుల మోతాదు చూసే ప్రోగ్రాం తయారవుతోంది. ఆమె కత్తిరించని పాఠంతో రాసినప్పుడు, పరీక్షలో అది అత్యవసరమైన మందును కూడా అనుమానంతో ఆపి పెట్టింది. కామేశ్వరి ఆమెను గదిలోకి పిలిచింది.

కామేశ్వరి గట్టిగా మాట్లాడే మనిషి కాదు. తలుపు తానే వేసి, ఎదురు కుర్చీలో కాకుండా పక్క కుర్చీలో కూర్చుంది.

"హైమా, ఇలా ఉంచుకుంటూ పోతే ఆ ఆసుపత్రిలో ఎవరో ఒకరు మందు అందక పోతారు. తీస్తే ఒకరు, ఉంచితే ఒకరు. భయపడి చేసేది జాగ్రత్త కాదమ్మా."

"మరి తూకం సున్నా అంటే ఎలా నమ్మను మేడం?"

"తూకం అబద్ధం చెప్పలేదు. దాని ఊహానగరంలో వానలు పెట్టాం, తుపానులు పెట్టాం, కరెంటు పోవడం పెట్టాం. పాలిథిన్ పట్టా పెట్టలేదు. పట్టాలే లేని ఊళ్ళో ఆ వాక్యానికి బరువెక్కడిది? అది ఊహించాల్సింది నేను. నాకు తట్టలేదు." ఆమె కాసేపు తన చేతుల వైపు చూసుకుంది. "ఆ రోజును ఉన్నదున్నట్టు తూకంలో పెట్టాలి. ఇక ముందు ఏ నీళ్ళ పాఠమైనా ఆ రోజును దాటితేనే బయటికెళ్ళాలి. ఆ పని ఇంకెవరికైనా అప్పగిస్తాను. నువ్వు కొన్నాళ్ళు సెలవు తీసుకో."

"వద్దు మేడం. నేనే పెడతాను."

"ఎందుకు?"

"ఇంకెవరైనా అయితే మా అన్నయ్యను ఒక వాహనం అని రాస్తారు."

హైమ ఆ మధ్యాహ్నాన్ని ముక్క ముక్కగా కట్టింది. వాన ఎప్పుడు ఎత్తుకుంది, గెడ్డ ఏ వైపు కట్ట దాటింది, ఆటో ఏ సందులోంచి వచ్చింది, అన్నీ కనుక్కుని పెట్టింది. ఆటో డ్రైవరు ఆమెను కూర్చోబెట్టి అన్నీ చెప్పాడు. ఒక్క సంగతే మిగిలింది. అన్న వ్యాను ఇంటి దగ్గర ఎప్పుడు కదిలిందో, దారిలో ఎక్కడైనా ఆగాడో. అది తెలిసింది రోహిణికే.

రోహిణి బేకరీ మళ్ళీ తెరిచింది. పిండి కలిపే మనిషిని పెట్టుకుంది గానీ పొయ్యి దగ్గర తానే నిలబడేది. హైమ అడిగినప్పుడు ఆమె ట్రేలోంచి బన్నులు తీస్తోంది.

"వాన తగ్గుతాదేమోనని కాసేపు మెట్ల మీద నిలబడ్డారు. తర్వాత వెళ్ళారు. దారిలో టార్పాలిన్ ఊడిపోయిందని ఫోన్ చేశారు, కట్టుకుంటున్నానన్నారు. ఎందుకు అడుగుతున్నావు?"

హైమ అబద్ధం చెప్పవచ్చు. ఆఫీసు పని అంటే వదిన ఇంకేమీ అడిగేది కాదు. కానీ ఆ ఇంట్లో వదిన పెట్టే అన్నం తింటూ ఇన్నాళ్ళు దాచింది చాలనిపించింది. అక్కడే, పొయ్యి సెగలో నిలబడి, మొదటినుంచి చివరిదాకా చెప్పింది. వాక్యం గురించీ సున్నా గురించీ, మాస్టారు తీసేయమనడం, తాను తీసేయడం, ఏదీ వదల్లేదు.

బన్నులు చల్లారిపోయాయి. అంతా విన్నాక రోహిణి, "ఆ వాక్యం ఏటో ఒకసారి చదువు" అంది.

హైమ చదివింది.

"అంతేనా?"

"అంతే వదినా."

"ఇది నాకు కూడా అర్థమవుతోందే. పొయ్యి మీద వేడి చూపే ముల్లు కదలకపోతే నేనూ తట్టి చూస్తాను." ఆమె చీర చెంగుతో నుదురు తుడుచుకుంది. "నువ్వేదో కడుతున్నావన్నావు కదా. అది నాకు చూపించు."

"వద్దు వదినా. చూడలేవు."

"నువ్వు చూస్తున్నావు కదా."

మరునాడు మధ్యాహ్నం హైమ ఆమెను ప్రయోగశాలకు తీసుకెళ్ళింది. కామేశ్వరి ఎదురొచ్చి రోహిణి చెయ్యి పట్టుకుంది, తర్వాత దారిచ్చి పక్కకు తప్పుకుంది. స్క్రీను మీద నగరంలో కొంత మేర గీసిన పటం. సన్నటి గీతలు వీధులు, నల్లటి గీత రైలుకట్ట, నీలం గెడ్డ. ఒక పసుపు చుక్క దగ్గర హైమ వేలు పెట్టింది.

"ఇది వ్యాను. ముందు ఆ వాక్యం పాఠంలో ఉన్నప్పుడు ఏమవుతుందో చూద్దాం."

మీట నొక్కింది. పటం మీద వాన మొదలైంది. నీలం రంగు గెడ్డ గట్లు దాటి పాకింది. పసుపు చుక్క బజారు వీధిలో కాసేపు ఆగింది.

"టార్పాలిన్ కట్టుకుంటున్నారు" అంది రోహిణి.

"ఆ."

చుక్క మళ్ళీ కదిలింది. అండర్‌బ్రిడ్జి దగ్గర నీటి అంకె నిలిచిపోయింది. ఇప్పుడు ప్రోగ్రాం ఆ అంకెను నమ్మలేదు. పంపులు తోడుతున్న నీటినీ పడుతున్న వాననీ పోల్చి చూసుకుంది, తేడా పసిగట్టింది. దారికి అడ్డంగా ఒక ఎర్ర గీత పడింది. గేటు దిగింది. ఆటో గుర్తు దాని ముందు ఆగింది. దాని వెనక పసుపు చుక్క కూడా ఆగింది. కొంతసేపు అక్కడే ఉంది. తర్వాత వెనక్కి తిరిగి, వచ్చిన దారినే పోయి పటం అంచు దాటి మాయమైంది.

రోహిణి ముందుకు వంగి ఆ అంచు వైపే చూస్తోంది.

"తర్వాత ఎటెళ్ళారు?"

"ఇంటికి వదినా."

"కనబడట్లేదు కదా."

"ఇల్లు పటంలో లేదు. అండర్‌బ్రిడ్జి చుట్టుపక్కలే పెట్టాం. అక్కడితో పరీక్ష అయిపోతుంది."

"ఇల్లు కూడా పెట్టాల్సింది" అంది రోహిణి. కళ్ళలో నీళ్ళు లేవు. "మళ్ళీ వెయ్యి."

హైమ మళ్ళీ వేసింది. చుక్క మళ్ళీ ఆగింది, మళ్ళీ వెనక్కి తిరిగింది. రోహిణి ఇంకోసారి అడిగింది. ఎన్నిసార్లు చూశారో ఇద్దరికీ తెలియలేదు. ఒక్కోసారి వ్యాను కాస్త ముందు వచ్చేది, ఒక్కోసారి కాస్త వెనక. గేటు మాత్రం ప్రతిసారీ దిగింది. బయట ఎండ వాలింది.

"ఇక చాలు. పద" అంది రోహిణి.

హైమ లేవలేదు. "వదినా, నువ్వు బయట కూర్చో. నాకు ఇంకొంచెం పనుంది."

"ఏం పని?"

"వాక్యం బరువు తేలాలంటే ఒక్క వైపు చాలదు. అది లేకుండా కూడా నడిపించాలి."

రోహిణికి అర్థమవడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక బల్ల అంచు పట్టుకుంది. "లేకుండా అంటే..."

"ఆ."

"ఎన్నిసార్లు?"

"తూకం ఎన్నిసార్లంటే అన్నిసార్లు. ఒకటి రెండు సార్లైతే కాకతాళీయం అంటుంది. నమ్మదు."

రోహిణి బయటికి వెళ్ళింది. తలుపు మూసుకున్నాక హైమ వాక్యాన్ని పాఠంలోంచి తీసింది. ఆ వేసవి మధ్యాహ్నం తీసినట్టే, అదే మీట. కళ్ళు మూసుకుని కూడా నడిపించవచ్చు, లెక్క తూకమే కడుతుంది. ఆమె కళ్ళు మూసుకోలేదు. పసుపు చుక్క బజారు వీధిలో ఆగింది, కదిలింది, ఎర్ర గీత లేని చోట వంపు దిగింది. మళ్ళీ దిగింది. మళ్ళీ దిగింది.

అంతా అయ్యాక వాక్యం పక్కన కొత్త బరువు పడింది. మొత్తం పాఠంలో అంత బరువైన వాక్యం మరొకటి లేదు.

రోహిణి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. హైమ వచ్చి పక్కన నిలబడింది.

"అయిపోయిందా?"

"అయింది."

"నీ తప్పు లేదు హైమా. నాకు తెలుసు. నువ్వేం చదువుకోలేనిదానివి కాదు, కావాలని చేసినదానివీ కాదు. నిన్నట్నుంచీ ఆ మాటే నాకు నేను చెప్పుకుంటున్నాను." ఆమె నేల వైపు చూస్తూ మాట్లాడుతోంది. "కానీ చెప్పుకోవాల్సి వస్తోంది. పొద్దున్న నీకు కాఫీ కలుపుతూ చెప్పుకున్నాను. ఆటోలో నీ పక్కన కూర్చుని చెప్పుకున్నాను. ఎప్పటిదాకా చెప్పుకోగలనో తెలీదు."

"నేను వేరే ఇల్లు చూసుకుంటాను వదినా."

వద్దని రోహిణి అనలేదు. "నేను పిలుస్తాను. పిలిచేదాకా రాకు" అంది.

ఆ వారంలోనే హైమ కట్టకి అవతల ఒక గది తీసుకుంది. సామాను దించేటప్పుడు రోహిణి తలుపు పట్టుకుని నిలబడింది. ట్రంకు గోడకి తగలకుండా ఒక చెయ్యి కూడా వేసింది. హైమ బట్టల్లోంచి రొట్టె వాసన కొన్నాళ్ళకి పోయింది. ఏ రోజు పోయిందో ఆమె గమనించలేదు. సంక్రాంతి వెళ్ళింది, ఉగాది వెళ్ళింది. పిలుపు రాలేదు.

మాస్టారు మళ్ళీ ఉద్యోగానికి రాలేదు. సరిదిద్దిన పాఠంతో పంప్‌హౌసు ప్రోగ్రాం మారింది. ప్రయోగశాలలో నీళ్ళకి సంబంధించిన ఏ పాఠం వచ్చినా ముందు ఆ మధ్యాహ్నంలోంచి నడిపిస్తున్నారు. చాలా పాఠాలు మొదటిసారి దాటలేకపోతున్నాయి. పసుపు చుక్క దిగిపోతుంది. కొత్తగా చేరినవాళ్ళు "వ్యాను పోయింది" అని చెప్పుకుని, ఏ మాట చేర్చాలో వెతుక్కుంటారు. ఆ వ్యాను ఎవరిదో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. హైమ కూడా చెప్పలేదు.

మళ్ళీ వానలొచ్చాయి. ఆషాఢంలో ఒక సాయంత్రం ఆమె స్కూటీ మీద ఇంటికి వెళుతోంది. చిన్న తుంపర. అండర్‌బ్రిడ్జి దగ్గరికి వచ్చేసరికి గేటు దిగి ఉంది. అప్పటికే బండ్లు బారులు తీరి ఉన్నాయి. వెనకనుంచి హారన్లు. ఆమె పక్కన మోటారుసైకిలు మీద ఒకాయన హెల్మెట్ తీసి, మెడ సాచి వంపులోకి చూశాడు.

"నీళ్ళెక్కడున్నాయండీ? పిట్ట మునిగేంత కూడా లేవు. ఈ యేడు మరీ అన్యాయం, చినుక్కి ఒకసారి దించీస్తన్నారు. అవతల నాకు పిల్ల బడి దగ్గర ఎదురుచూస్తంది."

హైమ కూడా చూసింది. అతను చెప్పింది నిజమే, లోపల నీళ్ళున్నట్టు లేదు. అంకె ఎక్కడో కాసేపు నిలిచి ఉంటుంది, ప్రోగ్రాం అనుమానపడి ఉంటుంది. ఉత్త అనుమానమే కావచ్చు. కాకపోనూ వచ్చు. ఇక్కడ నిలబడి ఎవరూ తేల్చలేరు.

"పక్కనుంచి దూరిపోదామేటి? సందుంది" అన్నాడు అతను బండి స్టార్టు చేస్తూ.

ఆమె చెయ్యి చాచి అతని హ్యాండిల్ పట్టుకుంది. అతను ఆశ్చర్యపోయి చూశాడు.

"ఆగండి" అంది హైమ. "గేటు తీసేదాకా ఆగుదాం."

ఆమె ముఖంలో ఏం కనిపించిందో గానీ అతను ఇంజను ఆపేశాడు. వాన కొంచెం పెద్దదైంది. వెనక హారన్లు కొడుతూనే ఉన్నారు. ఆమె హ్యాండిల్ వదల్లేదు.